బెంగళూరు నత్తల మ్యాప్‌లో చుక్కలన్నీ ఎక్కడో పడుతున్నాయి, సాయం చేయండి

హెబ్బాళ స్టూడెంట్: పొద్దున్నుంచి ఇదే పని. మా ప్రాజెక్టు కోసం బెంగళూరు చెరువుల్లో నత్తలు దొరికిన చోట్లను క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో పెడుతున్నాను. ఒక్క చుక్క కూడా బెంగళూరు మీద పడటం లేదు, అన్నీ నార్వేకి పైన సముద్రంలో ఉన్నాయి. ఫైలు మూడుసార్లు కొత్తగా చేశాను. ఎల్లుండి గైడ్‌కి చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

మ్యాప్ పని: ఎక్స్‌లో లాంగిట్యూడ్, వైలో లాటిట్యూడ్ పెట్టాలి. తిరగేసినట్టున్నారు.

పాత లెక్చరర్: ఏ నత్తో చెప్పలేదేం బాబూ? పైలా అయితే గుల్ల నోటికి మూత ఉంటుంది, ఇండోప్లానార్బిస్‌కి ఉండదు. పశువులకు గురక జబ్బు తెచ్చే పురుగు ఆ రెండోదానిలో పెరుగుతుంది. పల్లెల్లో రైతులకు ఇది చెప్పేవాళ్లే లేరు. మీరు చెరువుల వెంట తిరుగుతున్నారు కాబట్టి అదెక్కడ కనిపించినా రాసిపెట్టండి.

హెబ్బాళ స్టూడెంట్: పైలా గ్లోబోసా సార్, రాయడం మరిచాను. అన్నా, మార్చాక హెబ్బాళ, జక్కూరు సరిగ్గా వచ్చాయి. మడివాళ చెరువు మాత్రం సిటీకి దూరంగా కనకపుర దగ్గర పడుతోంది!

మ్యాప్ పని: దాని అంకెలు?

హెబ్బాళ స్టూడెంట్: 12.54, 77.37. ఆ రోజు నా ఫోన్‌లో చార్జింగ్ లేదు, ఫ్రెండ్ ఫోన్‌లో చూసి రాశాం.

మ్యాప్ పని: ఆ ఫోన్ డిగ్రీలు, నిమిషాల్లో చూపించి ఉంటుంది, అంటే చుక్క తర్వాతివి నిమిషాలు. నిమిషాలను 60తో భాగించి డిగ్రీలకు కలపండి. 12.90, 77.62 వస్తుంది.

గట్టు మీద నడక: ఒక మాట. దీన్ని విస్తరణ పటం అనకండి, అలా అంటే నత్త ఎక్కడుందో, ఎక్కడ లేదో రెండూ చెప్పినట్టవుతుంది. మీరు వెళ్లిన చెరువులు ఎన్ని? వెళ్లని చోట నత్త లేదని ఎలా అంటారు? దొరికిన చోట్ల పటం అనండి.

పాత లెక్చరర్: విద్యార్థి ప్రాజెక్టుకి విస్తరణ అనే మాట చాలండి. మాట కన్నా కాలం ముఖ్యం. ఎండాకాలంలో నీళ్లు ఇంకితే పైలా మూత బిగించుకుని బురదలో ఉండిపోతుంది. ఏప్రిల్‌లో వెతికి లేదని రాస్తే అది తప్పు రికార్డు.

గట్టు మీద నడక: నేనూ అదే అంటున్నాను సార్. కనబడకపోతే లేనట్టు కాదు. అందుకే విస్తరణ అనొద్దన్నాను. ఇంకోటి, ఖాళీ గుల్లలు వరదకు కొట్టుకొస్తాయి. బతికున్నవి, ఖాళీవి వేరుగా రాశారా?

హెబ్బాళ స్టూడెంట్: మడివాళ సరిపోయింది, థాంక్స్ అన్నా. ఖాళీ గుల్లలు వేరుగా రాయలేదు, నోట్‌బుక్ చూడాలి.

గట్టు మీద నడక: ఏ నెలలో వెతికారో కూడా రాయండి.