పాత ఫైబర్ బోటు స్ట్రింగర్లను మార్చే పద్ధతిపై సలహా కావాలి

గంజాం జిల్లాలో బాహుదా నది సముద్రంలో కలిసే సోనాపూర్ దగ్గర మాకు ఒక పాత ఫైబర్ బోటు ఉంది. పైకి గట్టిగానే కనిపిస్తున్నా, అడుగున లోపలివైపు పొడవునా సాగే స్ట్రింగర్లకు (ఫైబర్ పొర కప్పిన ఆధార దూలాలకు) చిన్న రంధ్రం వేసి చూస్తే లోపలి చెక్క నల్లబడి, తడి ముద్దగా బయటికి వచ్చింది.

బోటు ఆకారం చెదరకుండా కింద దన్నులు పెట్టి, ఒక్కొక్క స్ట్రింగర్‌నే కోసి మార్చాలని అనుకుంటున్నాను. ఇక్కడి వడ్రంగులు గుగ్గిలం కర్ర వాడమంటున్నారు. అది బలమైనదే గానీ, అంత దట్టమైన కర్రలోకి రెసిన్ (ఫైబర్‌ను అతికించి గట్టిపడే ద్రవం) సరిగా ఇంకదు కాబట్టి ఐఎస్ 710 ప్రమాణపు మెరైన్ ప్లైవుడ్ వైపే నా మొగ్గు. ఇంజను బిగించే చోట బోల్టుల ఒత్తిడికి ప్లైవుడ్ చాలునా?

అసలు సందేహం పాలియెస్టర్, ఎపాక్సీ అనే రెండు రకాల రెసిన్లలో ఏది వాడాలన్నదే. పాత పాలియెస్టర్ పొరపై ఎపాక్సీ బాగా అతుక్కుంటుంది, కానీ మామూలు చాప్డ్ మ్యాట్‌లోని (తరిగిన గాజు పోగుల చాపలోని) పోగులను పట్టి ఉంచే బైండర్ సాధారణంగా పాలియెస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకంలో కరిగేది, ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. అందువల్ల ఎపాక్సీ వాడితే గాజు పోగులతో నేసిన గుడ్డే కొనాలి, ఖర్చు పెరుగుతుంది. పాత పొరను బాగా అరగదీసి పాలియెస్టరే వాడితే ఆ అతుకు కెరటాల దెబ్బకు నిలుస్తుందా? స్ట్రింగర్ అంచు నేరుగా అడుగుకు ఒరుసుకోకుండా మధ్యలో ఫోమ్ పట్టీ పెట్టాలా, పుట్టీ సరిపోతుందా? ఇటువంటి పని స్వయంగా చేసినవారు దయచేసి తెలియజేయగలరు.