పక్క ఫ్లాట్ ఏసీ వేడిగాలంతా మా పడగ్గదిలోకే వస్తోంది, ఏం చేయాలి?

పెరుంగుడి కోడలు:
చెన్నైలో పెరుంగుడి దగ్గర అద్దెకుంటున్నాం. రెండు ఫ్లాట్ల మధ్య సన్నటి డక్ట్ (గాలీ వెలుతురూ కోసం వదిలిన సందు) ఉంది, మా పడగ్గది కిటికీ అందులోకే తెరుచుకుంటుంది. పక్కవాళ్లు ఈమధ్య కొత్త ఏసీ కొనుక్కుని అవుట్‌డోర్ యూనిట్‌ని సరిగ్గా మా కిటికీకి ఎదురుగా, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో బిగించారు. సాయంత్రం సముద్రం గాలి తిరిగాక కిటికీ తీసి పడుకోవడం మాకు అలవాటు. ఇప్పుడు తీస్తే సెగ, మూస్తే ఉక్క. దానికి తోడు రాత్రంతా గోడలోంచి ఒకటే గుయ్యిమని మోత, మా మంచం తలవైపు ఆ గోడకే ఉంది. డ్రెయిన్ పైపు కూడా ఊరికే వేలాడదీశారు, యుటిలిటీలో ఆరేసిన బట్టల మీద నీళ్లు కారుతున్నాయి. పక్కింటి అంకుల్ మంచివారే, చెప్తే "ఏసీ అన్నాక వేడి రాదామ్మా" అని నవ్వేశారు. మా ఓనరు హైదరాబాద్‌లో ఉంటారు, మీరే మాట్లాడుకోండి అంటున్నారు. అగ్ని నక్షత్రం (ఇక్కడ మే నెలలో ఎండలు మండిపోయే రోజులు) ఇంకా మొదలే కాలేదు! గొడవ పడకుండా ఏదైనా దారి ఉందా?

గ్యాస్ చార్జింగ్ బాబాయ్:
ఏసీ లైన్లోనే పనిచేస్తాను కాబట్టి చెప్తున్నా. ఒకటిన్నర టన్ను ఏసీ గదిలోంచి లాగే వేడి సుమారు 5 కిలోవాట్లు, అది వాడే కరెంటు కూడా చివరికి వేడిగానే బయటికొస్తుంది, అంటే ఫుల్లుగా తిరిగేటప్పుడు 6 కిలోవాట్ల పైమాటే, మూడు గీజర్లు ఒకేసారి వేసినంత వేడి ఆ డక్ట్‌లోకి పోతోంది. సన్నటి డక్ట్‌లో ఆ గాలి ఎక్కడికీ పోలేక, అదే వేడిగాలిని యూనిట్ వెనకనుంచి మళ్లీ పీల్చుకుంటుంది. దాంతో గ్యాస్ ప్రెషర్ పెరుగుతుంది, కూలింగ్ తగ్గుతుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది, కంప్రెసర్ త్వరగా పాడవుతుంది. మీ అంకుల్‌కి మీ నిద్ర సంగతి కాదు, ఆయన బిల్లు సంగతి చెప్పండి, అప్పుడు వింటారు.

మోతకి కారణం చాలావరకు బ్రాకెట్. యూనిట్ కాళ్ల కింద రబ్బరు ప్యాడ్లు లేకపోతే కంప్రెసర్ అదురు నేరుగా గోడలోకి పోతుంది. ప్యాడ్లు వేసి బోల్టులు బిగించడం పెద్ద ఖర్చేం కాదు. నీళ్లు ఇండోర్ కాయిల్ మీద పట్టే తేమవే, చెన్నై ఉక్కకి రాత్రంతా బకెట్ నిండుతుంది, పీవీసీ పైపు తగిలించి కింద డ్రెయిన్‌లోకి వదిలేస్తే సరి. ఒక్కటి మాత్రం చేయకండి, కోపంలో మీ వైపు రేకు గానీ ప్లైవుడ్ గానీ అడ్డం పెట్టొద్దు. యూనిట్ ట్రిప్ అయ్యి గొడవ మీ మీదికే వస్తుంది.

ఎందుకొచ్చిన గోల:
ఇంత చర్చ ఎందుకండీ, మీరూ ఓ ఏసీ పెట్టించుకుని కిటికీ మూసేయండి. అందరూ చేసేది అదే.

పెరుంగుడి కోడలు:
మా అవుట్‌డోర్ కూడా అదే డక్ట్‌లో పెట్టాలి కదండీ, అప్పుడు ఇద్దరం ఒకరి వేడి ఒకరం పీల్చుకుంటూ కూర్చోవాలి.

షోళింగనల్లూర్ సెక్రటరీ:
మా అసోసియేషన్‌కి ప్రతి ఎండాకాలం ఇలాంటి ఫిర్యాదులే. మామూలుగా డక్ట్ ఒకరి సొత్తు కాదు, కామన్ ఏరియా, అందులో ఏదైనా బిగించాలంటే అసోసియేషన్‌ని అడగాలి. అద్దెకున్నవాళ్ల మాట తేలిగ్గా తీసుకునేవాళ్లు చాలామంది (ఇది తప్పే, కానీ జరిగేది ఇదే), అందుకని మీ ఓనరుతో ఒక్క ఈమెయిల్ పెట్టించండి, ఫోటోలు జత చేయండి. ఆయన హైదరాబాద్ నుంచి ఆమాత్రం చేయగలరు. శబ్దానికి 2000 నాటి కేంద్ర నిబంధనలున్నాయి, నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి, పగలు 55. కానీ ఆ మాట మొదటే ఎత్తితే అంకుల్ మళ్లీ తలుపు తీయరు. ఫోన్ యాప్‌లో చూపించే రీడింగ్‌ని కూడా ఎవరూ లెక్కచేయరు.

పెరుంగుడి కోడలు:
యూనిట్‌ని టెర్రస్ మీదికి మార్చమని అడగొచ్చా? మాది రెండో ఫ్లోర్, పైన ఇంకో రెండున్నాయి.

గ్యాస్ చార్జింగ్ బాబాయ్:
అడగొచ్చు, కానీ కాపర్ పైపు పొడవూ ఎత్తూ ఎంతదాకా పోవచ్చో ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది, మాన్యువల్ చూడాలి. పొడవు పెరిగితే గ్యాస్ అదనంగా నింపాలి. కొత్త ఏసీల్లో ఎక్కువగా ఆర్32 గ్యాస్ ఉంటుంది, దానికి మంటంటుకునే గుణం కొంత ఉంది, వ్యాక్యూమ్ చేయకుండా (అంటే పైపుల్లో గాలీ తేమా పంపుతో లాగేయకుండా) హడావుడిగా బిగించేవాళ్ల చేతికి ఇవ్వొద్దు. ముందు ప్యాడ్లు, డ్రెయిన్ పైపు, ఫ్యాన్ ముందు గాలిని పైకి తిప్పే డిఫ్లెక్టర్, ఈ మూడూ చేయించమనండి. ఖర్చు సగం మీరు పెట్టుకుంటామంటే ఆయన కాదనకపోవచ్చు. డిఫ్లెక్టర్ తగిలించేముందు పైన మూడో ఫ్లోర్ వాళ్ల కిటికీ ఎటుందో మాత్రం చూసుకోండి.