పాత లాప్‌టాప్ కోసం వైఫై భద్రత తగ్గించవచ్చా?

బ్రాడీపేట_ఇల్లు
గుంటూరులో మాది మేడ ఇల్లు. కింద మేము, పైన అద్దెకున్నవాళ్లు. వైఫై ఇద్దరికీ ఒకటే. ఈమధ్య కొత్త రౌటర్ పెట్టించాము. ఫోన్లన్నీ కలిశాయి. నాన్నగారి పాత లాప్‌టాప్ (విండోస్ 7) మాత్రం పేరు చూపిస్తుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, ఆ తరువాత కలవడం లేదంటుంది. కనెక్షన్ వాళ్లు పంపిన కుర్రాడు భద్రత దగ్గర డబ్ల్యూపీఏ3 అనే కొత్త పద్ధతి తీసేసి టీకేఐపీ అనే పాతది పెట్టి వెళ్లాడు. లాప్‌టాప్ కలిసింది కానీ ఇప్పుడు ఇల్లంతా నెట్ నత్తనడక. అమ్మాయి ఫోనేమో భద్రత బలహీనంగా ఉందని హెచ్చరిస్తోంది. ఇలాగే వదిలేయవచ్చా?

బందరు_రోడ్డు
వదిలేయకండి. ఆ కుర్రాడు డబ్ల్యూపీఏ3 నుంచి దాని ముందుతరం డబ్ల్యూపీఏ2కు ఒక మెట్టు దిగితే సరిపోయేదానికి రెండు మెట్లు దిగాడు. వైఫై భద్రతకు వచ్చిన వెప్ అనే మొదటి పద్ధతిని ఛేదించవచ్చని 2001లోనే తేలిపోయింది. అప్పటికే అమ్ముడైన పరికరాలు వృథా కాకూడదని 2003లో వేసిన అతుకే టీకేఐపీ. దాని మీద 802.11ఎన్ అనే తరువాతి తరం వైఫై వేగాలు ఇవ్వకూడదన్నది నియమం, కాబట్టి కొత్త ఫోను కూడా సెకనుకు 54 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది. మీ నత్తనడకకు కారణం అదే.

విండోస్ 7కు డబ్ల్యూపీఏ3 రాదు. విండోస్ 10కే 2019లో వచ్చింది, అదీ వైఫై కార్డు డ్రైవర్ ఒప్పుకుంటేనే. కాబట్టి రౌటర్‌లో డబ్ల్యూపీఏ2, దానితో ఏఈఎస్ (టీకేఐపీ కన్నా గట్టి గుప్తీకరణ) ఎంచుకోండి. పీఎంఎఫ్ (రౌటర్, పరికరాల మధ్య నియంత్రణ సందేశాలకు రక్షణ) అనే వరుస కనిపిస్తే 'తప్పనిసరి' నుంచి 'ఐచ్ఛికం'కు మార్చండి, చాలా పాత కార్డులు తిరగబడేది అక్కడే. తరువాత లాప్‌టాప్‌లో ఆ నెట్‌వర్క్‌ను తొలగించి మళ్లీ కొత్తగా కలపండి. లేకపోతే అది పాత అమరికనే పట్టుకుని వేలాడుతుంది. పాస్‌వర్డ్ కొట్టకుండా మీటతోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్ ఉంటే ఆపేయండి.

కృష్ణలంక
చవక యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఒకటి కొంటే పోయేదానికి ఇంత పురాణమా?

బందరు_రోడ్డు
అడాప్టర్ కొన్నా విండోస్ 7 విండోస్ 7గానే ఉంటుందండీ.

కొత్తపేట_వాసి
ఈ అక్షరాల గొడవ అంతా దేనికండీ? నెట్‌వర్క్ పేరు దాచేయండి. మ్యాక్ ఫిల్టర్ పెట్టి మన పరికరాల మ్యాక్ నంబర్లు (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్యలు) మాత్రమే రాయండి, మిగతావి కలవవు. భద్రత ఏదైనా ఒకటే. మా ఇంట్లో ఏళ్ల తరబడి ఇదే పద్ధతి, ఒక్క పురుగు కూడా దూరలేదు.

బందరు_రోడ్డు
దూరలేదని మీకెలా తెలుసు? మ్యాక్ అడ్రస్ గాలిలో బాహాటంగానే పోతుంది, పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా సరే. ఎవరైనా ఉచిత ప్రోగ్రాముతో ఆ నంబరు చూసి తన లాప్‌టాప్‌కు తగిలించుకోవచ్చు. పేరు దాచడం ఇంకా నష్టం. దాచిన పేరును లాప్‌టాప్ ఎక్కడికి వెళ్లినా పిలుస్తూనే ఉంటుంది. మీరు పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో కూర్చుని మూత తెరిచినా మీ ఇంటి నెట్‌వర్క్ పేరు చుట్టుపక్కల వాళ్లకు చెబుతుంది.

కొత్తపేట_వాసి
చెబితే చెప్పనివ్వండి, బస్ స్టేషన్ నుంచి మా ఇంటికి సిగ్నల్ అందదు కదా. మీరు పుస్తకం చూసి మాట్లాడుతున్నారు. మా వీధిలో కనెక్షన్లు ఇచ్చిన మనిషి అన్ని ఇళ్లకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టాడు. అది పిల్లలకు కూడా తెలుసు. నా నెట్ మీద ఎవరో రాత్రింబవళ్లు సినిమాలు దింపుకున్నారు. ఆ నెల నా కోటా మొదటి వారంలోనే అయిపోయింది. మ్యాక్ ఫిల్టర్ పెట్టాకే ఆగింది. దీనికేమంటారు?

బందరు_రోడ్డు
పాస్‌వర్డ్ మార్చి ఉంటే ఆ రోజే ఆగేదంటాను.

అరండల్‌పేట
మొదటి ప్రశ్న వేసిన వారికి ఒక మాట. వైఫై సిగ్నల్ నంబర్లు వేసిన ఛానళ్ల మీద నడుస్తుంది, పాత లాప్‌టాప్‌లు కొన్ని 12, 13 ఛానళ్లను అసలు చూడలేవు. రౌటర్ తనంతట తాను అటు మారిన రోజున పేరు కూడా కనిపించదు. రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను 1, 6, 11 ఛానళ్లలో ఏదో ఒకదాని మీద నిలపండి.

కొత్తపేట_వాసి
బందరు రోడ్డు గారు నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఫిల్టర్ పనిచేసిందా, లేదా? అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పండి.

బందరు_రోడ్డు
పిల్లల మీద పనిచేస్తుంది, తెలిసినవాడి మీద పనిచేయదు. పైగా ఇప్పటి ఫోన్లు తమ అసలు మ్యాక్ ఇవ్వవు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, నెట్‌వర్క్‌కో మారు నంబరు ఇస్తాయి. ఫోను మార్చినా, రీసెట్ చేసినా మీ ఫిల్టర్ మీ ఇంటివాళ్లనే గుమ్మం దగ్గర ఆపుతుంది.

కొత్తపేట_వాసి
మొన్న మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు కలవలేదు. అది రౌటర్ లోపం.

బందరు_రోడ్డు
😀

కొత్తపేట_వాసి
నవ్వకండి. మీకన్నా వయసులో పెద్దవాణ్ణి. భద్రత గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ఎవరూ బిల్లు కట్టరు. రేపు నా కనెక్షన్ నుంచి ఎవడో పనికిమాలిన పని చేస్తే పోలీసులు నా గుమ్మానికి వస్తారు, మీ ఏఈఎస్ దగ్గరికి రారు. మా పై వాటాలో ముగ్గురు కుర్రాళ్లు అద్దెకున్నారు. వాళ్ల గదికి ఎవరు వస్తారో, ఏ ఫోను కలుపుతారో నాకు తెలియాలి. అద్దె ఆలస్యమైతే ఆ నంబరు తీసేస్తే చాలు, మర్నాడు వాళ్లే దిగి వస్తారు. పాస్‌వర్డ్‌తో అది కుదురుతుందా?

మొగల్రాజపురం_అద్దె
ఇప్పుడు బయటపడింది అసలు సంగతి. ఇంతసేపూ దొంగల కోసం అనుకుంటున్నాను, ఫిల్టర్ అద్దెకున్నవాళ్ల కోసమన్నమాట. మా ఇంటి యజమాని కూడా ఇంతే. నెట్‌తో కలిపి అద్దె అని చెప్పి, నెలలో రెండు రోజులు ఆలస్యమైతే ఆపేస్తారు. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. ఒకసారి సమావేశం మధ్యలో పోయింది, కిందికి వెళ్లి అడిగితే 'సిగ్నల్ లేదమ్మా' అన్నారు. రౌటర్ దీపాలు పచ్చగా వెలుగుతున్నాయి.

కొత్తపేట_వాసి
మీ యజమాని సంగతి నాకెందుకు? నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు, మొహం మీదే చెప్పి తీసేస్తాను.

బందరు_రోడ్డు
బిల్లు, పోలీసుల భయం న్యాయమైనదేనండీ. అందుకే అతిథి నెట్‌వర్క్ ఉంది. పై వాటాకు వేరే పేరు, వేరే పాస్‌వర్డ్. వాళ్ల పరికరాలు మీ ఇంటి పరికరాలను చూడలేవు, మీ ప్రింటర్ కూడా వాళ్లకు కనిపించదు. వాళ్లు ఖాళీ చేసి వెళ్లిన రోజు ఆ ఒక్కటీ మార్చుకోవచ్చు. కానీ అద్దె వసూలుకు రౌటర్‌ను వాడతానంటే అది భద్రత కాదు, నా దగ్గర దానికి సలహా లేదు.

మొగల్రాజపురం_అద్దె
వేరే నెట్‌వర్క్ ఇచ్చినా మీట యజమాని చేతిలోనే కదా. అద్దె కాగితంలో నెట్ అని రాయించుకోవాలి, లేదా సొంత కనెక్షన్ పెట్టించుకుని ఆ మేరకు అద్దె తగ్గించమనాలి.

బ్రాడీపేట_ఇల్లు
డబ్ల్యూపీఏ2 ఏఈఎస్, పీఎంఎఫ్ ఐచ్ఛికం పెట్టాను. నాన్నగారి లాప్‌టాప్ కలిసింది, ఫోను హెచ్చరిక పోయింది. బందరు రోడ్డు గారికి ధన్యవాదాలు. పై వాళ్లకు ఇంకా ఏమీ చెప్పలేదు. పాస్‌వర్డ్ మార్చి వేరే పేరు ఇస్తే అనుమానిస్తున్నామని అనుకుంటారేమోనని మా ఆవిడ వద్దంటోంది.

కొత్తపేట_వాసి
అనుకోనివ్వండి. ఆ అతిథి నెట్‌వర్క్‌కు మ్యాక్ ఫిల్టర్ విడిగా పెట్టుకోవచ్చా?