మెచ్చుకునే మాటల ముందు 'వెరీ' పెట్టాలా, వద్దా?

చీమకుర్తి గ్రానైట్:
మాది ఎగుమతి ఆఫీసు. విదేశీ పార్టీలకు మెయిళ్లు నేనే రాస్తాను. 'వెరీ ఎక్సలెంట్ క్వాలిటీ, మోస్ట్ యూనిక్ కలర్' అని రాస్తే మా మేనేజర్ 'వెరీ', 'మోస్ట్' రెండూ కొట్టేస్తున్నారు. అవి లేకపోతే చప్పగా లేదా? మీరేమంటారు?

కావలి టీచర్:
మేనేజర్ గారిదే కరెక్ట్. గుడ్, బ్యూటిఫుల్ లాంటి వాటిలో ఎక్కువ తక్కువలుంటాయి, వాటి ముందు వెరీ బాగానే కుదురుతుంది. ఎక్సలెంట్, పర్ఫెక్ట్ అలా కాదు, వాటికి పైన ఇంకేమీ లేదు. అంతగా కావాలంటే 'ఆబ్సల్యూట్లీ ఎక్సలెంట్' అనాలి. మనం 'చాలా అద్భుతంగా ఉంది' అంటాం కదా, ఆ అలవాటే పిల్లల పరీక్ష పేపర్లలోకీ వస్తోంది, దిద్దుతూ రోజూ చూస్తున్నాను. యూనిక్ అంటే అలాంటిది ఇంకొకటి లేదని, కాబట్టి 'వెరీ యూనిక్' అనొచ్చా అని మాత్రం ఇంగ్లీషు వాళ్లలోనే ఎప్పటినుంచో తగాదా ఉంది. వ్యాపార లెటర్లో ఆ తగాదా మనకెందుకు?

ఒంగోలు టు డాలస్:
మేడం, నేను ఒప్పుకోను. ఇక్కడ ఉద్యోగానికి సిఫార్సు లెటర్లో ఉత్త 'గుడ్ వర్కర్' అని రాస్తే, ఏదో లోపముందనే అనుకుంటారు. 'ఎక్సెప్షనల్లీ గుడ్' అని రాయకపోతే ఆ పిల్లవాడికి అన్యాయం చేసినట్టే. మనుషుల్ని మెచ్చుకునేటప్పుడు పిసినారితనం వద్దు. ఇంకొకటి, 'క్వైట్ గుడ్' తో జాగ్రత్త. అమెరికా వాళ్లకు అది బాగా మెచ్చుకున్నట్టు. బ్రిటన్ వాళ్లకు చాలాసార్లు 'పర్వాలేదు' అన్నట్టే. లండన్ పార్టీకి అలా రాస్తే మన సరుకును మనమే తక్కువ చేసుకున్నట్టు.

కావలి టీచర్:
సిఫార్సు లెటర్ సంగతి మీరన్నట్టే, బాబూ. రాయి సంగతి వేరు. కొనేవాడు మన పొగడ్తను చూసి డబ్బు కట్టడు. 'బ్లాక్ గెలాక్సీ, 20 మిల్లీమీటర్ల మందం, పాలిష్ చేసిన స్లాబ్, బంగారు చుక్కలు స్లాబంతా ఒకేలా పరుచుకుని ఉన్నాయి' అని రాయండి. ఆ చుక్కల కోసమే కదా ఆ నల్ల గ్రానైట్‌ని అడిగేది! నాలుగు వెరీలు పెట్టినా ఈ ఒక్క వాక్యం చెప్పినంత చెప్పలేవు.

చీమకుర్తి గ్రానైట్:
సరే మేడం. సరుకు గురించి అలాగే రాస్తాను, చుక్కలు కనిపించేలా ఫొటో కూడా పెడతాను. పాత పార్టీకి థాంక్స్ చెప్పే లెటర్లో మాత్రం 'రియల్లీ గ్రేట్‌ఫుల్' ఉంచుతాను. చెప్పిన రోజుకి డబ్బు పంపే మనిషి ఆయన. దాన్ని కొట్టేస్తానంటే మేనేజర్‌తో వాదిస్తాను.