గ్రీకు నాటకంలో ఆడపాత్రలకు తెల్లబట్టలా, రంగుబట్టలా?

నాటకాలరాయుడు: పరిషత్తు పోటీకి ఈసారి గ్రీకు విషాద నాటకం వేస్తున్నాం. కోరస్‌తో, అంటే పాడుతూ కథ చెప్పే బృందంతో కలిపి ఆడపాత్రలు ఎనిమిది. అందరికీ తెల్లబట్టలే వేద్దామని నా ఉద్దేశం. పాలరాతి విగ్రహాల్లో మనం చూసేది అదే కదా. పైగా కథంతా చావు జరిగిన ఇంట్లో నడుస్తుంది, తెలుపైతే నప్పుతుంది. మా ఆహార్యం చూసేవారు మాత్రం రంగులుండాలని పట్టుబట్టారు. తెలిసినవాళ్ళు చెప్పండి. కాస్త తొందరగా, రిహార్సల్స్ మొదలైపోయాయి.

శిల్పాలశాస్త్రి: తెలుపే. ఇందులో చర్చకేముంది? మా అబ్బాయి దగ్గరికి లండన్ వెళ్ళినప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఏథెన్స్ గుడి పార్థినాన్ శిల్పాల ముందు గంటసేపు నిలబడ్డాను. తడిసిన బట్ట ఒంటికి అతుక్కున్నట్టు ఆ మడతలు! ఎక్కడా రంగు చుక్క లేదు. ఆ గాంభీర్యానికి మనం చమ్కీలు అద్దక్కర్లేదు.

సూదీదారం: శాస్త్రిగారూ, మీరు చూసింది గీకిన రాయి. 1937, 38ల్లో అక్కడి పనివాళ్ళే తెల్లగా కనబడాలని రాగి పనిముట్లతో ఆ శిల్పాలను గీకారు. అంతకు ముందు రెండు వేల ఏళ్ళకు పైగా ఎండకు ఎండి వానకు తడిశాయి. ఇక రంగెక్కడ మిగులుతుంది?

రంగు కావాలంటే మట్టిలో కూరుకుపోయిన విగ్రహాలు చూడాలి. క్రీ.పూ. 480లో పర్షియన్లు ఏథెన్స్‌ను తగలబెట్టారు. ఆ తర్వాత విరిగిపోయిన కన్యల విగ్రహాలను ఊరివాళ్ళు గుళ్ళుండే కొండ అక్రోపొలిస్ మీదే పూడ్చారు. 1880ల్లో తవ్వి తీస్తే ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఇంకా అంటుకునే ఉన్నాయి. పెళ్ళి కాకుండానే పోయిన ఫ్రాసిక్లియా అనే పిల్ల సమాధి విగ్రహం 1972లో ఏథెన్స్ దగ్గరి మెరెండాలో దొరికింది. దాని బట్ట ఎరుపు, దాని మీద పువ్వులు, స్వస్తికలు. చావుకు తెలుపు అనడం మన ఊళ్ళ లెక్క. ఈస్కిలస్ క్రీ.పూ. 458లో వేసిన నాటకంలో శోకించే ఆడవాళ్ళ కోరస్ నల్లబట్టల్లోనే వస్తుంది.

లైట్లబ్బాయి: తెల్లబట్ట మీద ఏ రంగు లైటు వేస్తే ఆ రంగు. నా ఓటు తెలుపుకే.

శిల్పాలశాస్త్రి: విగ్రహానికి రంగు పూశారనే అనుకుందాం. గోపురం మీది బొమ్మలకూ పూస్తాం. అంతమాత్రాన ఊళ్ళో ఆడవాళ్ళందరూ అవే రంగులు కట్టారంటామా? ఉన్నికి పట్టినట్టు నారబట్టకు రంగు పట్టదు. ఏథెన్స్ ఆడవాళ్ళు కట్టింది నార. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ స్పష్టంగా రాశాడు, పిన్నుల గొడవ తర్వాత మారారని.

ఒహాయో తాతయ్య: పిన్నుల గొడవేమిటి శాస్త్రిగారూ? చెప్పి పుణ్యం కట్టుకోండి.

శిల్పాలశాస్త్రి: ఏథెన్స్ మగవాళ్ళు ఏజీనా ద్వీపం మీదికి దండయాత్రకెళ్ళి అందరూ పోయారు, ఒక్కడు తప్ప. వాడు ఊరికి తిరిగొచ్చి సంగతి చెబితే, పోయినవాళ్ళ భార్యలంతా వాణ్ణి చుట్టుముట్టారు. “నా మొగుడేడి? నా మొగుడేడి?” అంటూ భుజాల దగ్గరి పిన్నులు ఊడదీసి పొడిచి చంపేశారు. ఊరి పెద్దలకు ఆ ఓటమి కన్నా ఈ హత్యే ఘోరమనిపించింది. ఆడవాళ్ళను ఇంకెలా శిక్షించాలో తోచక బట్టలు మార్పించారు. పిన్నులతో బిగించే డోరియన్ అనే ఉన్ని కట్టు పోయి, పిన్ను అక్కర్లేని కిటోన్ అనే నార అంగీ వచ్చింది. ఏజీనావాళ్ళు, ఆర్గోస్‌వాళ్ళు మాత్రం పంతానికి పిన్నులను ఒకటిన్నర రెట్లు పొడుగు చేయించారట.

ఒహాయో తాతయ్య: మా ఆవిడకి ఈ కథ చెప్పను.

సూదీదారం: కథ బాగుంది. అది హెరొడోటస్ విన్న కథ. కుట్టేవాళ్ళం చూసేది వేరే. ఏథెన్స్ దగ్గరి బ్రౌరోన్‌లో ఆర్టెమిస్ దేవత గుడికి ఆడవాళ్ళు బట్టలు సమర్పించేవారు. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో ఆ జాబితాలు రాతి మీద చెక్కించారు. ఊదా అంచు, కప్పపచ్చ రంగు, బొమ్మలు నేసిన అంచు. సగం నేసి ఆపేసినదీ ఉంది, పీలికలైనదీ ఉంది. ఏది ఎవరిచ్చారో పేరుతో సహా రాశారు. కప్పపచ్చ విగ్రహం రంగు కాదు శాస్త్రిగారూ, ఒక ఆడమనిషి కట్టి విడిచిన బట్ట రంగు. ఉన్ని కట్టు ఏథెన్స్‌లో మాయమూ కాలేదు, అథీనా దేవతకు నాలుగేళ్ళకోసారి నేసిచ్చిన పెద్ద వస్త్రం కుంకుమపువ్వు రంగు ఉన్నిదే.

రంగు సంగతి ఎలా తేలినా ఇంకొకటి. బయటి సీన్లలో పైవస్త్రం తల మీదికి లాక్కోవాలి. లాయిడ్ లెవెలిన్ జోన్స్ అనే చరిత్రకారుడు 2003లో దీని మీద పెద్ద పుస్తకమే రాశాడు. బయటికెళ్ళే గ్రీకు ఆడవాళ్ళకు తల కప్పుకోవడం మామూలు సంగతని ఆయన వాదన.

శిల్పాలశాస్త్రి: ఇది బాగుంది. మన సంప్రదాయమూ అదే. ఆ నిండుదనం రంగస్థలం మీద ఎంత బాగుంటుందో.

నీలవేణి_కరీంనగర్: ఎవరి సంప్రదాయం సార్? కరీంనగర్‌ల మా అమ్మ తల మీద కొంగు ఎప్పుడన్న కప్పుకున్నదా అని అడగండి. పెళ్ళయి జోధ్‌పూర్ దిక్కు పోయినంక నాకు తెలిసింది ఆ నిండుదనం. పోపు పెడుతుంటే కొంగు అంటుకున్నది. మామగారు ఎదురుగ ఉన్నరని తియ్యలేదు. ఇయ్యాళ్టికీ చెవి కింద మచ్చ ఉన్నది. స్టేజీ మీద అది చూసి చప్పట్లు కొడతరా?

సూదీదారం: అక్కా, మంచిదని అనలేదు. ఉండేదని అన్నాను.

నీలవేణి_కరీంనగర్: ఉండేదంటే ఎవరు పెట్టిన్రు? గ్రీసుల ఆండానియా అనే ఊళ్ళె ఆడవాళ్ళు గుడి ఉత్సవానికి పోతే ఏం కట్టాల్నో శాసనం వేసిన్రు. బట్టలన్నీ కలిపి వంద ద్రాఖ్మాలు, అంటే వాళ్ళ వెండి నాణేలు, దాటొద్దు, లోపల కనబడొద్దు, చార వేలి వెడల్పుల సగం కన్న ఎక్కువ ఉండొద్దు. తప్పితే ఆడవాళ్ళ మీద నిఘాకు పెట్టిన అధికారి ఆ బట్ట చింపేయొచ్చు. అది కూడా చూపియ్యండి నాటకంల. స్పార్టా పిల్లలు పక్కన కుట్టు లేని పొట్టి బట్టతోని పరుగు పందేలు పెట్టుకున్నరు. వాళ్ళు గ్రీకులు కారా?

సూదీదారం: స్పార్టా వేరు. ఆ పిల్లలకు తొడలు కనిపిస్తాయని ఇబికస్ అనే కవి పేరే పెట్టాడు. ఈ నాటకం స్పార్టాలో జరగదు. మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ నేనడిగేది అంచు ఎక్కడ నిలవాలన్నదే. తనగ్రా అనే గ్రీకు ఊళ్ళో 1870ల్లో బయటపడ్డ మట్టిబొమ్మలు చూడండి. తల మీది బట్టను గడ్డం దాకా లాక్కుని, మోచెయ్యి లోపలే మడిచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఠీవిగా నిలబడతారు. అణగదొక్కినట్టుందా అది?

నీలవేణి_కరీంనగర్: బొమ్మ చేసింది ఎవరు? మొగోడు.

శిల్పాలశాస్త్రి: అసలు వేషాలు వేసిందీ మగవాళ్ళే. మన స్థానం నరసింహారావుగారు సత్యభామ వేసినట్టే అక్కడా మొహానికి ముసుగుబొమ్మ తొడుక్కుని మగవాళ్ళే ఆడవేషం కట్టేవారు. కనుక ఇంట్లో ఏం కట్టారన్నది అప్రస్తుతం. మళ్ళీ చెబుతున్నా, పార్థినాన్ శిల్పాల్లో రంగు లేదు. నా ఫోటోలు ఉన్నాయి.

సూదీదారం: గీకేశారని చెప్పాను కదండీ!

శిల్పాలశాస్త్రి: గీకారని మీకెవరు చెప్పారు? మీరు చూశారా? నేను వెళ్ళి చూశాను.

నాటకాలరాయుడు: పెద్దలందరికీ ధన్యవాదాలు. మొత్తం మీద తెలుపుకే మొగ్గు కనబడుతోంది. లైటింగ్‌కీ అదే మంచిదంటున్నారు. ఇక్కడితో ముగిద్దాం.

సూదీదారం: ముగిద్దామా? రాయుడుగారూ, ఒక్కటి అడుగుతాను, అందరి ముందే చెప్పండి. రెండు తానుల తెల్ల పాప్లిన్ మీరు పోయిన శుక్రవారమే కొని మా ఇంట్లో దింపించారా లేదా?

లైట్లబ్బాయి: ఓహో.

సూదీదారం: ఆ “ఆహార్యం చూసేవారు” నేనే. అడిగితే “చర్చలో పెట్టి చూద్దాం” అన్నారు. బట్ట కొన్నాక చర్చ ఎందుకు? నా నోరు మూయించడానికి. రంగు అద్దించాలంటే డబ్బు పెట్టాలి, అది అసలు సంగతి. గ్రీసులో అద్దకానికి మంజిష్ఠ జాతి వేరు వాడేవారు. ఆ పేరు చెప్పగానే “అంత ఖర్చు ఎవడు పెడతాడు” అన్నది మీరే కదా. అలా చెబితే నేనూ సర్దుకునేదాన్ని. పాలరాయి, గాంభీర్యం, ఇవన్నీ దేనికి?

పోయినేడాది మన నాటకానికి ఉత్తమ ఆహార్యం బహుమతి వచ్చింది. స్టేజీ ఎక్కి తీసుకున్నదెవరు? ఆహ్వానపత్రంలో రచన, దర్శకత్వం, లైటింగ్, చివరికి టీ, టిఫిన్ల దాత పేరు కూడా ఉంది. “ఆహార్యం” అన్న మాటే లేదు. బ్రౌరోన్‌లో పీలిక ఇచ్చినామె పేరు కూడా రాతి మీద చెక్కారండీ.

నాటకాలరాయుడు: సుదీర్ఘంగా రాశారు. మన ఇంటి విషయాలు ఇక్కడ అవసరమా అమ్మా? బడ్జెట్ కమిటీది, నాది కాదు. పేర్లు ప్రింటింగ్‌వాడు వదిలేశాడు. బహుమతి బృందానిది, ఏ ఒక్కరిదీ కాదు.

నీలవేణి_కరీంనగర్: లైటింగ్ పేరు మాత్రం ప్రింటింగ్‌వాడు వదిలెయ్యలే.

లైట్లబ్బాయి: నన్నెందుకు లాగుతారండీ. అక్క చెప్పింది నిజమే, పోయినేడు రాత్రి రెండింటిదాకా గ్రీన్‌రూంలో గోడకానుకుని కుడుతూనే ఉంది.

శిల్పాలశాస్త్రి: వ్యక్తిగత విషయాల్లో నేను తలదూర్చను. కానీ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో గ్రీకుల నాటి ఒక చిన్న నూనె సీసా ఉంది, జానెడు కూడా ఉండదు. అమాసిస్ చిత్రకారుడిదంటారు. దాని మీది బొమ్మల్లో ఒకామె ఉన్ని తూకం వేస్తుంది, ఇంకొకామె వడుకుతుంది, ఇద్దరు నిలువుమగ్గం ముందు నేస్తున్నారు, ఇంకో ఇద్దరు నేసిన బట్ట మడతపెడుతున్నారు. నేతకు అంత మర్యాద ఇచ్చారని చెప్పడానికే ప్రస్తావించాను.

సూదీదారం: చిత్రకారుడి పేరు తెలుసు. మడతపెట్టినవాళ్ళ పేర్లు?

నాటకాలరాయుడు: సరే. ముఖ్యపాత్రకూ చెల్లెలి పాత్రకూ రంగు అద్దిద్దాం. కోరస్ తెలుపులోనే ఉంటుంది. తల మీది బట్ట సంగతి రిహార్సల్‌లో చూద్దాం. ఆహ్వానపత్రం గురించి ఆదివారం కమిటీని అడుగుతాను.

సూదీదారం: కోరస్‌కి నలుపు. శోకించేది వాళ్ళే. ఆ పాప్లిన్‌కి నలుపు అద్దడం ఖరీదేమీ కాదు, నేనే అద్దుతాను. కమిటీ ఏమందో రాతలో పంపండి. అప్పటిదాకా ఆ తానులు విప్పను.

ఒహాయో తాతయ్య: రాయుడూ, పిన్నులు మాత్రం ఆవిడ చేతికివ్వకు.