కిటికీ బయట ఎవరో లైటు వేస్తే, తిరిగి వేయడానికి హ్యూస్టన్‌ని అడగాలా?

కిటికీసీటు:

మొన్న రాత్రి భోజనాల దగ్గర మా తమ్ముడితో మొదలైన గొడవ ఇది. పప్పు చల్లారి గడ్డకట్టింది గానీ తేలలేదు. మీరే తేల్చండి.

ఊహ ఇది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం, అదే ఐఎస్ఎస్, మన నెత్తి మీద దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున గంటన్నరకో చుట్టు తిరుగుతోంది. మామూలుగా లోపల ఏడుగురుంటారు. కుపోలా అని ఏడు కిటికీల బుల్లి గది ఉంది, 2010లో బిగించారు. అందరూ భూమి ఫొటోలు తీసేది అక్కడి నుంచే. ఆ అద్దాల అవతలికి మనది కాని వాహనం ఒకటి వచ్చి ఆగింది. లైటు మూడుసార్లు వెలిగించి ఆర్పింది. లోపలివాళ్లు కింద హ్యూస్టన్‌లోని నాసా కంట్రోల్ రూమును అడక్కుండా టార్చి తీసి మూడుసార్లు వెలిగించొచ్చా?

తమ్ముడు కుదరదంటాడు. గ్రహాంతర సంకేతం దొరికితే ఏం చేయాలో అంతర్జాతీయ వ్యోమయాన అకాడమీ 1989లో సూత్రాలు రాసింది, 2010లో సవరించింది. ముందు నిజమో కాదో సరిచూసుకోవాలి, తర్వాత లోకానికి చెప్పాలి, దేశాలు మాట్లాడుకునేదాకా జవాబు పంపకూడదు.

అవి టెలిస్కోపులవాళ్లకు రాసినవి అని నా వాదన. వందల కాంతి సంవత్సరాల అవతలి నుంచి వచ్చిన కబురుకు జవాబు పదేళ్లు ఆలస్యమైతే కొంప మునగదు. గుమ్మంలో నిలబడ్డవాడి సంగతి అలా కాదు. పలకరించినా పలక్కుండా మిడిగుడ్లేసుకుని చూస్తే అదీ ఒక జవాబే, పైగా చెడ్డ జవాబు. 1967 అంతరిక్ష ఒప్పందమే వ్యోమగాములను మానవాళి రాయబారులు అంది. రాయబారికి నోరు లేకపోతే ఎలా?

లైన్‌క్లియర్:

మీ తమ్ముడు చెప్పిందే కరెక్ట్ అన్నా. నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో పోల్ ఎక్కేవాణ్ణి. సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, ‘కరెంటు ఆపేశాం, ఎక్కొచ్చు’ అన్న అనుమతి, తీసుకోకుండా ఎవడూ పైకెక్కకూడదు. పైనున్నవాడికి తన కళ్ల ముందున్న తీగ బాగా కనిపిస్తుంది, నిజమే. ఆ తీగలోకి ఎక్కడి నుంచి కరెంటు వస్తుందో కనిపించదు. అది కిందవాడికి తెలుస్తుంది. మా సెక్షన్‌లోనే ఒకాయన ఒక ఫీడర్‌కి, అదే ఒక కరెంటు లైనుకి, ఎల్‌సీ తీసుకుని పక్క ఫీడర్ పోల్ ఎక్కాడు. బతికాడు గానీ చెయ్యి పోయింది. ఆయనకూ అంతా కళ్లకు కనిపిస్తూనే ఉంది.

నల్లకోటు:

రాయబారి మాట పట్టుకుని చాలామంది పొరబడతారు, కిటికీసీటు గారూ. ఒప్పందంలో అయిదో అధికరణం అది. వ్యోమగాములను మానవాళి రాయబారులుగా భావించి, ప్రమాదంలో పడితే, వేరే దేశంలో దిగిపోతే, అన్ని దేశాలూ సాయం చేసి క్షేమంగా అప్పగించాలి అంటుంది. అంటే అది రక్షణ, అధికారం కాదు. శ్రీకృష్ణుడు రాయబారానికి బయల్దేరే ముందు ఏం అడగాలో, ఎక్కడిదాకా దిగిరావచ్చో పాండవులు చెప్పి పంపారు. కనీసం అయిదూళ్లు అన్నారు. ఈ ఏడుగురికి ఎవరేం చెప్పి పంపారు?

అదే అధికరణంలో ఎవరూ చదవని వాక్యం ఇంకోటుంది. వ్యోమగాముల ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు కాగలదేదైనా అంతరిక్షంలో కనిపిస్తే, మిగతా దేశాలకు గానీ ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికి గానీ వెంటనే తెలపాలి. చెప్పాల్సిన బాధ్యత మాత్రం రాసి ఉంది, మాట్లాడే హక్కు లేదు.

మీ తమ్ముడికీ ఒక మాట. 1989 సూత్రాలు చట్టం కాదు, శాస్త్రవేత్తలు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు. ఉల్లంఘిస్తే పట్టుకెళ్లేవాళ్లెవరూ లేరు. ఇక ఐఎస్ఎస్‌ని నడిపేది 1998లో అమెరికా, రష్యా, జపాన్, కెనడా, యూరప్ దేశాలు రాసుకున్న ఒప్పందం. 2025లో మన శుభాంశు శుక్లా అక్కడ 18 రోజులున్నాడు. అప్పుడే ఇది జరిగి ఉంటే కిటికీ దగ్గర మనవాడు ఉండేవాడు గానీ, ఆ ఒప్పందంలో మన దేశానికి కుర్చీ లేదు.

వీధిఅరుగు:

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

అయినా అడిగారు కాబట్టి చెప్తా. మనం ఎప్పుడో ఎవర్నీ అడక్కుండా కబురు పెట్టేశాం. 1974 నవంబర్ 16న ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపు డిష్ నుంచి 1679 బిట్ల సందేశం ఎం13 అనే నక్షత్రగుచ్ఛం వైపు వదిలారు. ఎందుకనుకుంటున్నారు? డిష్‌కి కొత్త హంగులు చేశారని జరిగిన ఫంక్షన్‌లో, మనం రిబ్బను కత్తిరించినట్టు. ప్రపంచం తరఫున మాట్లాడుతూ ప్రపంచాన్ని అడగలేదు. బ్రిటన్‌లో మార్టిన్ రైల్ అనే పెద్ద ఖగోళ శాస్త్రవేత్త ఒక్కడు గట్టిగా అభ్యంతరం చెప్పాడు. అది చేరడానికి పాతికవేల ఏళ్లు పడుతుంది కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు. 1977లో వాయేజర్ వ్యోమనౌకలతో పంపిన బంగారు రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి, అందులో మన తెలుగూ ఉంది. రికార్డు చేసేముందు మిమ్మల్నెవరైనా అడిగారా? మా తాతను అడగలేదు.

కిటికీసీటు:

నల్లకోటు గారూ, రాయబారి మాట వెనక్కి తీసుకున్నా. అయిదూళ్ల దెబ్బ గట్టిగానే తగిలింది.

లైన్‌క్లియర్ తమ్ముడూ, నీ చెయ్యి పోయినాయన సంగతికి ఎదురు చెప్పను. కానీ ఐఎస్ఎస్‌లో హ్యూస్టన్ కోసం ఆగకుండా సిబ్బందే చేయాల్సిన పనులు మూడున్నాయి: మంట, గాలి లీకు, విషవాయువు. 2015 జనవరిలో అమోనియా అలారం మోగితే మాస్కులు పెట్టుకుని రష్యన్ వైపుకెళ్లి మధ్య తలుపు మూసేశారు. ఎల్‌సీ అడుగుతూ కూర్చోలేదు. పలకరింపును నాలుగోదిగా చేర్చమంటున్నా, అంతే.

లైన్‌క్లియర్:

ఆ అలారం చివరికి ఏమైంది అన్నా? ఉత్తదే. లీకు లేదు. మళ్లీ తలుపు తీసుకుని వచ్చి ఎవరి పని వాళ్లు చూసుకున్నారు. పొరపాటైనా వెనక్కి తిప్పుకోగలిగిన పని కాబట్టే వాళ్ల చేతికిచ్చారు. వేసిన లైటును వెనక్కి ఎలా లాగుతావు?

ఇంకోటి. ముందు అది నిజంగా వాహనమో కాదో ఎవరు చెప్పాలి? 1962లో అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరుగుతూ తన క్యాప్సూల్ చుట్టూ వేల మిణుగురులు తేలుతున్నాయన్నాడు. మూడు నెలలకు స్కాట్ కార్పెంటర్ వెళ్లి లోపలి గోడ మీద చేత్తో కొడితే గుప్పుమని ఇంకొన్ని లేచాయి. క్యాప్సూల్‌కి పట్టిన మంచు పొరలు రాలుతున్నాయి, అంతే. గ్లెన్ తక్కువవాడు కాదు, టెస్ట్ పైలట్. అతని కళ్లే మోసపోతే మిగతావాళ్ల మాటేంటి?

పెట్రీడిష్:

లైటు లైటు అని కొట్టుకుంటున్నారు గానీ, వచ్చేవాళ్లకు లైట్లుంటాయని ఎవరు చెప్పారండీ? నేను మైక్రోబయాలజీ చదివినదాన్ని. మనకు ఎదురుపడేది సూక్ష్మజీవి కావడానికే ఎక్కువ అవకాశం, ఎదురుపడినా గుర్తుపట్టలేకపోవడానికి ఇంకా ఎక్కువ అవకాశం.

దీనికి మన హైదరాబాద్‌లోనే ఉదాహరణ ఉంది. 2005లో ఇక్కడి నుంచి ఇస్రో పెద్ద బెలూన్ ఎగరేసి, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టి తెచ్చింది. ఇక్కడి సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలోనూ పుణెలోనూ పరీక్షిస్తే మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయి, అతినీలలోహిత కిరణాలను మామూలు వాటికంటే బాగా తట్టుకునేవి. ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ పేరు పెట్టారు. బయటి నుంచి వచ్చాయా? వచ్చాయని దీనితో తేలదని ఇస్రోనే నిజాయితీగా చెప్పింది. చైనావాళ్ల తియాంగాంగ్ కేంద్రంలో 2023లో తుడిచి తెచ్చిన నమూనాలోనూ కొత్త జాతి బయటపడింది. అదీ మన భూమి బ్యాక్టీరియాకు చుట్టమే.

కాబట్టి అసలు ప్రశ్న జవాబు కాదు, తలుపు. అపోలో 11 వాళ్లను చంద్రుడి క్రిములు ఉంటాయేమోనని 21 రోజులు క్వారంటైన్‌లో పెట్టారు. మంచిదే. కానీ అంతకు ముందే సముద్రం మధ్యలో క్యాప్సూల్ తలుపు తీసి రక్షణ దుస్తులు లోపలికి విసిరారు! నిజంగా ఏదైనా ఉండి ఉంటే ఆ క్షణంలోనే పసిఫిక్‌లో కలిసిపోయేది. లైటుకు మాత్రం ఏ క్రిమీ అంటుకోదు, వేసుకోండి నాయనా.

డెబ్బైమూడు:

హామ్ రేడియో వాణ్ణి, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడేవాణ్ణి, ఆలస్యంగా చేరుతున్నా. మీరంతా ఒకటి మర్చిపోయారు. ఐఎస్ఎస్‌లో హామ్ సెట్ ఉంది. పైనుంచి వచ్చే మాట 145.800 మెగాహెర్ట్జ్ మీద నేను మా డాబా మీదే చేత్తో పట్టుకునే యాంటెన్నాతో విన్నాను. అది మన నెత్తి మీదుగా దాటే ఒక్కో పాస్ పది నిమిషాలకు మించదు, ఆ కాసేపూ గుండె దడదడలాడుతుంది. దాని పక్కన ఇంకో వాహనం ఆగిందంటే, కింద టెలిస్కోపు ఉన్న ప్రతివాడూ చూస్తాడు, ట్రాన్స్‌మిటర్ ఉన్న ప్రతివాడూ హలో కొడతాడు. నేనే కొడతానేమో, ఒట్టేసి చెప్పలేను. అప్పుడు నోరు మూసుకుని ఉండేది ట్రైనింగ్ తీసుకున్న ఆ ఏడుగురు మాత్రమే అన్నమాట.

నల్లకోటు:

లైసెన్సు పోతుంది జాగ్రత్త.

డెబ్బైమూడు:

ఆ రోజు నోటీసు పంపడానికి ఆఫీసులో ఎవరైనా మిగిలుంటే చూద్దాం సార్.

కిటికీసీటు:

తమ్ముడికి ఇదంతా చదివి వినిపించాను. పెట్రీడిష్ గారి తలుపు మాట దగ్గర ఇద్దరం ఒక్కటయ్యాం, తలుపు తీయకూడదు. డెబ్బైమూడు గారన్నట్టు కిందివాళ్లంతా ఎలాగూ అరుస్తారు కాబట్టి పైవాళ్లకు చిన్న వెసులుబాటు ఇవ్వాలని వాడూ దిగొచ్చాడు. సొంతంగా ఏమీ చెప్పకూడదు, వచ్చింది వచ్చినట్టు తిప్పి పంపొచ్చు. మూడుసార్లు వేస్తే మూడుసార్లు, నాలుగోసారి వేయకూడదు. ‘చూశాం’ అన్నదానికి మించి అందులో ఇంకేం అర్థం ఉంటుంది చెప్పండి?

లైన్‌క్లియర్:

‘లైన్ ఆపేశాం, ఎక్కేయండి’ అని అర్థమైతే?