'సైన్ ప్రాబ్లమ్'ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: దట్టమైన క్వార్క్ పదార్థం (ప్రోటాన్, న్యూట్రాన్లలో ఉండే క్వార్కులనే కణాలు కిక్కిరిసిన పదార్థం) మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఈ వాక్యం దగ్గర ఆగాను: "రసాయన పొటెన్షియల్ సున్నా కానప్పుడు సైన్ ప్రాబ్లమ్ వస్తుంది, రెండు రంగుల సిద్ధాంతంలో అది రాదు." (రంగు అంటే ఇక్కడ క్వార్కులకుండే ఒక రకం ఆవేశం. నిజంగా అవి మూడు, రెండు రంగులది నమూనా సిద్ధాంతం. రసాయన పొటెన్షియల్ క్వార్కుల సాంద్రతను నిర్ణయించేది. సైన్ అంటే ధన, ఋణ గుర్తు.) 'సైన్' అని వదిలేస్తే త్రికోణమితిలో సైన్ అనుకుంటారు, మన లిపిలో రెండూ ఒకటే. 'గుర్తు సమస్య' అంటే మతిమరుపులా ఉంది. 'సంజ్ఞా సమస్య' అనొచ్చా?

జవాబు: సంజ్ఞ అంటే సైగ, పేరు అనే అర్థాలు ముందు తోస్తాయండీ. లెక్కల్లో ధన గుర్తు, ఋణ గుర్తు అనే కదా అంటాం. అయితే మాట ఎంచుకునే ముందు అక్కడేం జరుగుతోందో చూడాలి. జాలకం (స్థలకాలాన్ని విడి బిందువులుగా చేసిన వల) మీద క్వార్కుల వంతు సమాకలనం చేసేశాక డిరాక్ మాత్రిక (క్వార్కుల కదలికను రాసే మాత్రిక) నిర్ధారకం మిగులుతుంది. మాంటీ కార్లో లెక్క (యాదృచ్ఛిక నమూనాలతో చేసే లెక్క) దాన్నే సంభావ్యతలో భాగంగా వాడి క్షేత్ర విన్యాసాలను ఎంచుతుంది, కాబట్టి అది ధన సంఖ్యగా ఉండి తీరాలి. ఇక మ్యూ (రసాయన పొటెన్షియల్) పెట్టడం ఎలాగో హాసెన్‌ఫ్రాట్జ్, కార్ష్ 1983లో చూపారు. కాలదిశలో ముందుకు పోయే లింకును (పక్కపక్క బిందువులను కలిపే మాత్రికను) మ్యూ ఘాతాంకంగా ఉన్న ఒక గుణకంతో, వెనక్కి వచ్చేదాన్ని దాని వ్యుత్క్రమంతో గుణిస్తాం. (మ్యూని ఊరికే కూడితే జాలకాన్ని సన్నం చేసేకొద్దీ శక్తి సాంద్రత అనంతానికి పోతుంది.) ముందుకూ వెనక్కూ సాటి పోయింది గనుక మూడు రంగుల్లో నిర్ధారకం సంకీర్ణ సంఖ్య అవుతుంది. సంకీర్ణ సంఖ్యకు ధన, ఋణ గుర్తులు ఎక్కడివి? దానికి ఉండేది ఆయామం, అంటే సంకీర్ణ తలంలో దాని కోణం.

మరొకరు: అయితే 'ఆయామ సమస్య' అనేస్తే పోలా? ఇంటర్ లెక్కల పుస్తకంలో ఉన్న మాటే.

జవాబు: పోదండీ. నిఘంటువులో ఆయామం అంటే నిడివి. పైగా రెండు రంగుల దగ్గరికొస్తే ఆ పేరు తప్పవుతుంది. అక్కడి 2×2 లింకు మాత్రికలకు ఒక సుగుణం ఉంది: పౌలి రెండో మాత్రికను అటూ ఇటూ పెట్టి గుణిస్తే లింకు తన సంయుగ్మంగా మారిపోతుంది. దానివల్ల మ్యూ ఎంతున్నా నిర్ధారకం వాస్తవ సంఖ్యే. వాస్తవమైనంత మాత్రాన ధనమని కాదు! సమాన ద్రవ్యరాశితో రెండు ఫ్లేవర్లుంటే (ఫ్లేవర్ అంటే క్వార్కు రకం) వర్గమై ధనమవుతుంది. ఒక్క ఫ్లేవరే ఉంటే ఋణం కావచ్చు, అది అచ్చమైన గుర్తు సమస్య. అంటే మీ మూలవాక్యంలోని "అది రాదు" కూడా సగమే నిజం. రెండింటికీ కలిపి 'గుర్తు సమస్య' అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యం వివరణ ఇవ్వండి.

మరొకరు: ఆయామాన్ని పక్కన పెట్టి మాపంతో (పరిమాణంతో) లెక్క నడిపి, ఆయామాన్ని తర్వాత సగటులో కలపొచ్చు కదా మాస్టారూ?

జవాబు: కలపొచ్చు, చిన్న పెట్టెలో. ఆయామ గుణకం సగటు ఘనపరిమాణంతో పాటు ఘాతీయంగా పడిపోతుంది. సగటు 0.1 ఉన్నప్పుడు నమూనాలు 100కి బాగా పైన కావాలి. పెట్టె రెట్టింపైతే సగటు 0.01, నమూనాలు 10,000కి పైన. అసలు చిక్కు ఇంకోటి. రెండు ఫ్లేవర్లలో ఆయామం తీసేయడమంటే ఒకదానికి మ్యూ, రెండోదానికి మైనస్ మ్యూ ఇచ్చినట్టే. ఆ సిద్ధాంతంలో పయాన్ (క్వార్కు, ప్రతిక్వార్కుల జంటతో ఏర్పడే తేలిక కణం) ద్రవ్యరాశిలో సగం దగ్గరే, అంటే సుమారు 70 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకే, పయాన్ కండెన్సేట్ (అనేక కణాలు ఒకే స్థితిలో చేరడం) మొదలవుతుంది. నిజమైన కేంద్రక పదార్థం మ్యూ దాదాపు 307 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా మొదలే కాదు. ఆ మధ్య మేరంతా వేర్వేరు ఆయామాలున్న పదాలు ఒకదాన్నొకటి కొట్టివేసుకోవడంతోనే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: కండెన్సేట్‌ని 'సాంద్రీకరణం' అని రాశాను, సరేనా?

జవాబు: ఈ వ్యాసంలో వద్దండీ. పక్కనే 'సాంద్రత' ఉంటుంది, చదివేవారు సాంద్రత పెరగడమనుకుంటారు. కండెన్సేట్ అనే ఉంచండి. రెండు రంగుల్లో బేరియాన్ అంటే రెండు క్వార్కుల జంట, బోసాన్ (ఒకే స్థితిలో ఎన్నైనా చేరగల కణం). అందుకే పయాన్ ద్రవ్యరాశిలో సగం దాటగానే డైక్వార్క్ (క్వార్కు జంటల) కండెన్సేట్ ఏర్పడి పదార్థం అతిప్రవాహి (ఘర్షణ లేకుండా పారేది) అవుతుంది. ఆ మేరలో మాత్రికకు అతిచిన్న ఐగన్ విలువలు పుట్టుకొస్తాయి, విలోమం తీసే పునరుక్తి లెక్క ఎంతకీ ముగియదు. అందుకని 'జె' అనే చిన్న డైక్వార్క్ మూలపదం (ఇంగ్లిష్‌లో సోర్స్) చేర్చి, రెండు మూడు విలువలకు లెక్కించి, సున్నాకు పొడిగిస్తారు. మీ అనువాదంలో దీన్ని 'వనరు' అన్నారు, బొగ్గు గనుల మాటలా ఉంది.

అన్నట్టు సాచురేషన్‌కి 'సంతృప్తి' అని పడినచోట 'సంతృప్తం' అనాలి, రసాయనశాస్త్రంలో సంతృప్త ద్రావణంలా. పౌలి నియమం (ఒకే స్థితిలో రెండు క్వార్కులు ఉండవు) వల్ల విల్సన్ క్వార్కులకు (జాలకం మీద క్వార్కులను రాసే ఒక పద్ధతి) రెండు రంగులు, రెండు ఫ్లేవర్లు, రెండు స్పిన్‌లు కలిసి బిందువుకు 8 క్వార్కులకు మించి పట్టవు. గ్రాఫ్ అక్కడ చదునైతే అది జాలకం చేసిన పని, ప్రకృతిది కాదు. మ్యూని జాలక అంతరంతో గుణిస్తే 1కి బాగా కింద ఉండేలా చూసుకునేది ఇందుకే.

మరొకరు: 'ద్వివర్ణ' అంటే పొట్టిగా ఉంటుందేమో?

జవాబు: ఉంటుంది, కానీ వర్ణమంటే అక్షరం కూడా. రంగే మేలు.

ప్రశ్న అడిగినవారు: అయితే ఇలా మార్చాను: "రసాయన పొటెన్షియల్ సున్నా కానప్పుడు నిర్ధారకం సంకీర్ణమో, ఋణమో అయి సంభావ్యతగా పనికిరాదు, దీన్నే గుర్తు సమస్య అంటారు. రెండు రంగులతో, సమాన ద్రవ్యరాశి ఉన్న ఫ్లేవర్లు సరి సంఖ్యలో ఉంటే ఈ సమస్య రాదు."

జవాబు: బాగుంది. పటం కింద కూడా ఒకసారి చూడండి: ఫేజ్ అనే మాటకు నిర్ధారకం దగ్గరా (ఆయామం), పదార్థం దగ్గరా 'దశ' అనే పడింది. పదార్థానిది 'ప్రావస్థ' చేయండి.